అనాధీనం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆ అయ్యవారి పేరు ఆహ్వానపత్రంలో లేదు, వెనక కట్టిన బ్యానరు మీదా లేదు. ఏ గోడ మీదా, ఏ శిలాఫలకం మీదా తన పేరు చెక్కించొద్దని కూతురికి చెప్పి పోయారాయన. కమిటీవారు ఆ మాట నిలబెట్టారు. నేనూ నిలబెడతాను. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో సగంమందికి ఆయన బెత్తం దెబ్బా తెలుసు, ఆయన జుబ్బా జేబులోని శనక్కాయ ఉండల రుచీ తెలుసు. పేరు చెప్పనక్కర లేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఆయన దగ్గర సోషల్ చదివాను. ఒక శుక్రవారం అందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, మీ వీధి గీసుకుని రండి, బీగం వేసి ఉన్న ఇళ్లకు ఎర్ర పెన్సిలు పూయండి అన్నారు. మాది నీరుగట్టువారిపల్లెలో మగ్గాల వీధి. నలభై రెండు ఇళ్లు గీశాను, ఐదింటికి ఎర్రరంగు పడింది. ఆ ఐదూ ఎవరివో అమ్మనడిగి పేర్లన్నీ రాసుకుని సోమవారం గర్వంగా బడికి పోయాను. ఆయన కాగితం చూసి, "బీగంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నారు. ఐదింటిలో ఒక్కదానికీ నాకు జవాబు తెలియలేదు. కాగితం తిరిగి నా చేతికిచ్చి, "అది కూడా కనుక్కుని రా" అన్నారు.

తర్వాత నేను సర్వే శాఖలో చేరాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ మూడు ఊళ్ల చుట్టూ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారుల్లో గొలుసు పట్టుకుని తిరిగాను. ఇల్లు ఎవరిదో కాగితం చెబుతుంది. చెవి ఎవరి దగ్గరుందో మాత్రం మనిషిని అడిగి తెలుసుకోవాలి. ఆ రెండో ప్రశ్నను మా శాఖలో ఎవరూ అడగరు, దానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

పాత రెవెన్యూ రికార్డుల్లో ఒక మాట కనబడుతుంది: అనాధీనం. ఎవరి అధీనంలోనూ లేని నేల. పోరంబోకు అంటే పన్ను లెక్కకు బయట ఉన్నది. బంజరు అంటే నేల గుణం తెలుస్తుంది. అనాధీనం అన్న మాట మనిషి సంగతి చెబుతుంది: దీన్ని చూసుకునే చెయ్యి లేదు అని. ఈ సాయంత్రం ఆ మాటను రికార్డు అర్థం కన్నా కాస్త సాగదీసి వాడుకుంటాను. పట్టా ఉండీ, వారసులు ఉండీ, కోర్టులో నంబరు ఉండీ, చూసుకునే చెయ్యి లేని ఇల్లు నా లెక్కలో అనాధీనమే. పిల్లలు పోయిన బడి, నీళ్లు తోడెయ్యని క్వారీ గుంత, జమీ పోయిన కోట కూడా అంతే.

ముప్పై ఒక్క ఏళ్లలో నేను చూసిన వరుస ఇది. ఇంటికి ఉన్న పని ముందు పోతుంది. పని పోయాక మనిషి పోతాడు. కప్పు ఆఖరున పడుతుంది. తిరిగి నిలబెట్టాలనుకునేవాళ్లు చాలామంది కప్పుతో మొదలుపెడతారు. పనితోనూ మనిషితోనూ మొదలుపెట్టాలి. మన మదనపల్లె పక్కనే దానికి నిలువెత్తు సాక్ష్యం ఉంది.

ఆరోగ్యవరం సంగతి చెబుతున్నాను. దక్షిణ భారతంలో పనిచేసే పలు క్రైస్తవ మిషన్లు కలిసి క్షయరోగుల కోసం 1912లో మదనపల్లెలో యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం మొదలుపెట్టాయి. 1915 నుంచి అది ఇప్పుడున్న చోట నడిచింది. దాన్ని కట్టి నడిపిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. పొడి గాలి, ఎండ, విశ్రాంతి, కడుపునిండా తిండి, వీటినే వైద్యం అనేవారు. మన ఊరి ఎత్తూ, పొడి వాతావరణమూ అందుకు సరిపోయాయి. రోగులు నెలలు, ఏళ్లు ఉండేవారు. ఇక్కడికి రావడమంటే కొందరికి మళ్లీ ఇంటికి పోకపోవడమే. మా నాయనమ్మ ఆ రోడ్డున పోయేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. అయ్యవారు మాత్రం మమ్మల్ని నడిపించుకుని తీసుకుపోయి ఆ చెట్ల కింద కూర్చోబెట్టి అన్నం తినిపించారు. ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ ఆ పూట నన్ను దొడ్లోనే స్నానం చేయించి లోపలికి రానిచ్చింది.

అక్కడ వైద్యంతో పాటు పరిశోధనా జరిగింది. క్రిస్టియన్ గారి కొడుకు యోహనెస్ ఫ్రిమోట్ మోలర్ చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి క్షయను లెక్కగట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, 1948లో, దేశంలో బి.సి.జి. టీకా పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. ఇక్కడి పల్లెల్లో ఆ టీకా ఎంతవరకు కాపాడిందో చెప్పే ఫలితాలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. మన తాలూకా కూలీల జబ్బల మీది మచ్చలు ప్రపంచానికి పాఠమయ్యాయి.

అదే కాలంలో మందులు వచ్చాయి. ముందు స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్. 1956లో మద్రాసులో క్షయ మందుల వైద్య కేంద్రం పెట్టి, మురికివాడల్లో ఉండే బీద రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టును శానిటోరియంలో ఉంచారు, ఇంకో జట్టుకు ఇంటి దగ్గరే మందులిచ్చారు. 1959లో ఫలితం బయటపడింది. ఇరుకు ఇంట్లో, అరకొర తిండితో, మందు మింగినవాళ్లకు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లకు నయమైనట్టే నయమైంది. ఆ ఒక్క ఫలితంతో లోకంలో ఉన్న శానిటోరియాలన్నిటి కింద నేల జారిపోయింది. పశ్చిమ దేశాల కొండల్లో కట్టిన ఎన్నో శానిటోరియాలు ఖాళీ అయ్యాయి. కొన్ని హోటళ్లయ్యాయి, కొన్ని గబ్బిలాల పాలయ్యాయి.

రోగం నయం కావడం కన్నా మంచి కబురు ఇంకేముంది? కానీ ఆ కబురే ఒక సంస్థకు పని లేకుండా చేస్తుంది. వరండాలూ, వార్డులూ, వంటశాలలూ, అంత పెద్ద ఆవరణా. దేనికోసం కట్టారో ఆ పనే పోయింది. ఆరోగ్యవరంలో బీగం వేయలేదు. అక్కడి వాళ్లు అన్ని రోగాలకూ తలుపు తెరిచారు, నర్సుల చదువు నడిపారు. శానిటోరియం ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అయింది. నూరేళ్లు దాటాక కూడా అక్కడ కాన్పులవుతున్నాయి. మా నాయనమ్మ ముక్కు మూసుకున్న రోడ్డులో ఆమె మునిమనవరాలు పుట్టింది.

ఇది ఎందుకు సాధ్యమైందని చాలాసార్లు ఆలోచించాను. రాతికట్టడం గట్టిదని కాదు, అంతకన్నా గట్టివి కూలిపోవడం చూశాను. అక్కడ చెవి పట్టుకుని ఉన్న మనుషులు ఊరు విడిచి పోలేదు. పని మార్చుకోవడానికి సిగ్గుపడలేదు. పని మార్చాకే పేరు మార్చుకున్నారు.

ఊళ్లోనే ఇంకో ఇల్లుంది. 1895 మే నెలలో జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఇల్లు. ఆయన తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, ఆ లెక్కన మా శాఖ పెద్ద. ఆ ఇల్లు కృష్ణమూర్తి ఫౌండేషన్ చేతికి వచ్చి, పుస్తకాలు చదువుకునేవాళ్లు వచ్చి కూర్చునే చోటైంది. తేట్టు దగ్గర ఋషివ్యాలీలో ఆ పనే ఇంటికి కాకుండా లోయకు జరిగింది. 1920లలో బడి కోసం ఎంచుకున్న ఆ నేల గుట్టలు బోడిగా ఉండేవి. పశువులను ఆపి, చెట్లు నాటి, వాననీరు నిలిపి ఏళ్ల తరబడి కాపాడితే పిట్టలు తిరిగొచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించారు. బోడి గుట్ట పచ్చబడటానికి రెండు తరాలు పట్టింది. ఐదేళ్లలో ఫలితం చూపమనే పథకాలు రాసేవాళ్లు ఆ గుట్ట ఎక్కి ఒకసారి కూర్చోవాలి.

ఇప్పుడు నా గొలుసు దగ్గరికి వస్తాను.

ఒక ఊళ్లో, పేరు చెప్పను, నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి మిద్దెను పార్టిషన్ కోసం మూడుసార్లు కొలిచాను. మొదటిసారి పోయినప్పుడు ఎనిమిది టేకు దూలాలు, చెక్కిన వాకిలి, దొడ్లో చేదబావి. తొమ్మిదేళ్లకు రెండోసారి పోతే వాకిలి లేదు, ఎవరో ఊడదీసుకుపోయారు. ఇరవయ్యో ఏట మూడోసారి పోతే బావిలో చెత్త, మిద్దె మీద రావిచెట్టు, దొడ్డిగోడ ఆనవాలు లేదు. నా కొలతల పుస్తకంలో మాత్రం హద్దులు అంగుళం మారలేదు. అన్నదమ్ముల్లో ఇద్దరు అప్పటికే చనిపోయారు. బతికున్న పెద్దాయన నా పక్కనే నిలబడి, "సార్, మా అమ్మ ఇక్కడ కూర్చునే మజ్జిగ చిలికేది" అన్నాడు. నేను టేపు చుట్టుకుంటూ తల వంచుకున్నాను. ఆ ఇంట్లో ఆ ఇరవై ఏళ్లూ వీధి పిల్లలు చదువుకుని ఉంటే ఒక్క దూలం కూడా పోయేది కాదు. నీడ కోసం, వాడకం కోసం మనుషులు వచ్చిపోతుంటే ఇల్లు తనను తానే కాపాడుకుంటుంది.

2011 జనగణనలో దేశమంతా లెక్కబెట్టిన ఇళ్లు 33 కోట్లు, అందులో దాదాపు రెండున్నర కోట్లు ఖాళీ. మన వైపు బీగాలకు కారణాలు నాకు తెలుసు. కుప్పంలో పొద్దున రైలు చూస్తే ఒకటి అర్థమవుతుంది: ఊరికి ఊరే బెంగుళూరుకు పనికి పోతోంది. మొదట రోజూ పోయి వస్తారు, తర్వాత వారానికొకసారి, తర్వాత అక్కడే గది. మదనపల్లె, రాయచోటి వైపు కువైట్ డబ్బుతో కట్టిన మేడలున్నాయి. గ్రానైటు మెట్లు, స్టీలు కటకటాలు, లోపల అత్తగారు ఒక్కతే, ఆమె కూడా పోయాక బీగం.

అద్దెకివ్వొచ్చు కదా అంటే అందరిదీ ఒకటే మాట: "ఇస్తే వదలరు సార్." ఆ భయానికి చట్టంలో ఒక వేరు ఉంది. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం యజమాని హక్కును కాదని, బహిరంగంగా, ఎడతెగకుండా పన్నెండేళ్లు స్వాధీనంలో ఉన్నవాడి మీద ఆస్తి కోసం దావా వేసే హక్కు పోతుంది. ఈ పన్నెండేళ్ల మాట ఊరూరా పాకింది. కానీ యజమాని అనుమతితో ఉన్నవాడికి, అద్దె కడుతున్నవాడికి అది వర్తించదన్న సగం పాకలేదు. రాతపూర్వకమైన అనుమతి కాగితం ఒక్కటి ఉంటే భయం అక్కర లేదు. ఆ కాగితం రాయడం తెలియక లక్షల రూపాయల ఇళ్లు చెదలపాలు చేసుకుంటున్నాం.

వారసులే లేని ఆస్తి సంగతి వేరు. రాజ్యాంగం 296వ అధికరణం ప్రకారం అది రాష్ట్రానికి చెందుతుంది, మనకు 1974 నుంచి ప్రత్యేక చట్టమూ ఉంది. కానీ ఆస్తి ప్రభుత్వానిది అని బోర్డు పాతడంతో పని ఆగుతుంది. ఎవరిదో తేలింది. చెవి ఎవరి దగ్గర?

రికార్డు లేకపోతే మొదటి ప్రశ్నకు కూడా జవాబుండదు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయిన సంగతి మీకు తెలుసు. అది ఎలా జరిగిందన్నది విచారించేవాళ్ల పని. సర్వేయరుగా నాకు మిగిలిన బాధ ఒకటే: ఆ కాగితాల్లో ఎందరో బీదవాళ్ల ఎకరాలు ఉండేవి.

పుంగనూరుకు పోదాం. పుంగనూరు జమీ, కుప్పం వైపు కంగుంది జమీ, అవతల కార్వేటినగరం, కాళహస్తి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక ఇవన్నీ పోయాయి. పోవాల్సిందే. రైతు మీద అంత బరువు మోపిన వ్యవస్థ పోయినందుకు నాకు విచారం లేదు. కానీ ఆ రోజు కోటకూ, దాన్ని పోషించే శిస్తుకూ మధ్య తాడు తెగింది. సున్నం వేయించే డబ్బు ఎక్కడిది? కోటను ఏ పనికి వాడాలన్న ఆలోచన చట్టంలో లేదు, ఊళ్లోనూ రాలేదు. కంగుంది కొండ కింద నిలబడి చూడండి. అంత రాతిపనీ మేకలకు నీడ. ఇవాళ దాన్ని పర్యాటక స్థలం చేస్తామంటారు. ఏడాదికొక రోజు వచ్చి ఫోటో దిగేవాడు కోటను నిలబెట్టలేడు. కింది పల్లెలోని ఆడవాళ్లకు అక్కడ రోజూ ఏదో పని ఉంటే నిలబడుతుంది.

పుంగనూరు జమీ కాలం నుంచి మనకు మిగిలిన ప్రాణమున్న ఆస్తి ఆ పొట్టి ఆవు. ఆవుకూ పాడుబడిన మిద్దెకూ ఏం సంబంధం అంటారేమో. చాలా ఉంది. మూడడుగులకు అటూ ఇటూగా ఎత్తు, కొంచెం మేత, చిక్కని పాలు. పొట్టి ఎద్దులు మెట్ట చేలల్లో పనికొచ్చేవి. సంకరజాతి ఆవులు వచ్చి లీటర్లలో పాలిచ్చేసరికి, ట్రాక్టరు వచ్చేసరికి, దాని పని పోయింది. పని పోతే మనిషి వదిలేశాడు. వేళ్ల మీద లెక్కపెట్టే దశకు వచ్చింది. ఆ జాతిని నిలిపింది పలమనేరు పశు పరిశోధన కేంద్రం. ఒక మందను పెట్టుకుని, ఈతలు రాసుకుని, ఎద్దులను కాపాడి, ఎవరూ పట్టించుకోని రోజుల్లో రోజూ మేత వేసినవాళ్లు అక్కడున్నారు. ఇవాళ అదే ఆవు లక్షల ధర పలుకుతోంది. నగరాల్లో మేడల మీద పెంచుతున్నారు. అది గౌరవమే అనుకుందాం. కానీ పుంగనూరు రైతు దొడ్లో అది లేదు. పుట్టిన ఊరికి తిరిగి రావడానికి మార్గం ఉండాలి. మన ఊరి బీడు కొట్టాల్లో, ఖాళీ పట్టుపురుగుల షెడ్లలో నాలుగేసి ఆవులను మహిళా సంఘాలకు ఇచ్చి, జాతి రికార్డు పలమనేరు చూసుకుంటే ఎందుకు కుదరదు? నేను పశువైద్యుణ్ణి కాదు, తెలిసినవాళ్లు సరిదిద్దండి.

కుప్పానికి పోయే దారిలో నాకు ఎప్పుడూ కష్టంగా అనిపించే చోట్లు రెండున్నాయి. ఒకటి గనులు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వాటితో పాటే మన వైపున్న చిగురుగుంట, బిసానత్తం గనులూ ఆగిపోయాయి. మన పల్లెల మగవాళ్లు ఎన్ని తరాలు ఆ చీకట్లో పనిచేశారో! రెండోది క్వారీలు. కుప్పం గ్రీన్ అని పేరుపడ్డ రాయి ప్రపంచమంతా వంటింటి గట్లయింది, ఇక్కడ నీళ్లు నిండిన గుంతలు మిగిలాయి. వదిలేసిన తవ్వకం చుట్టూ కంచె వేయాలని గనుల నిబంధనలున్నాయి. వేసవి సెలవుల్లో ఈతకు దిగిన పిల్లలు తిరిగిరాని కబుర్లు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ముందు కంచె వేయండి. తర్వాత ఆ నీళ్లు చేపలకో, పక్క చేలకు పైపు వేయడానికో పనికొస్తాయేమో చూడండి. ఈ వరుస తలకిందులు కాకూడదు.

మూడో చోటు దగ్గర మనసు తేలికపడుతుంది. గుడుపల్లె మండలం గుడివంక దగ్గర 172 ఎకరాల గుట్టబీడు. 1999లో రాంజీ రాఘవన్ మొదలుపెట్టిన అగస్త్య ఫౌండేషన్ దాన్ని తీసుకుని పిల్లలు చేత్తో ముట్టుకుని సైన్సు నేర్చుకునే ఆవరణ చేసింది. నేల కోలుకోవడానికి అటవీ అధికారిగా పేరున్న ఎల్లప్పరెడ్డి వంటివారు తోడయ్యారు. సర్కారు తుమ్మ పెరిగిన చోట అడవి చెట్లు లేచాయి. పక్క పల్లెల సర్కారు బడి పిల్లలు బస్సుల్లో వచ్చి అద్దాలు, అయస్కాంతాలు పట్టుకుని చూస్తారు. రాలేనివాళ్ల దగ్గరికి బండ్లు పోతాయి. నేను అక్కడ ఒక పిల్లవాణ్ణి చూశాను, వాడి నాయన క్వారీలో రాయి కొట్టేవాడు. వాడు లోలకం ఊపుతూ లెక్కబెడుతున్నాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే అయ్యవారి దగ్గర చదివినవాణ్ణి కాను. కాగితంలో ఖాళీ అని రాసినదంతా ఖాళీ కాదు. నా ఉద్యోగంలో అనాధీనం అని రాసిన నేల మీద గొర్లు మేస్తుంటాయి, కట్టెలు ఏరుకునే ముసలమ్మ ఉంటుంది, మూడు తరాలుగా కొట్టం వేసుకున్న దళిత కుటుంబం ఉంటుంది. వాళ్లను లేపి అక్కడ పార్కు వేస్తే అది తిరిగి ఇవ్వడం కాదు, లాక్కోవడం. బీదవాళ్లకిచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లోనే చట్టం చేసుకున్నాం, అది ఎన్ని చేతులు మారిందో కొలిచినవాడిగా నాకు తెలుసు. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పంజాబులోని ఒక పల్లె చెరువు ఆక్రమణను కొట్టేస్తూ, గ్రామ ఉమ్మడి నేలలను విడిపించి ఊరికి అప్పగించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అదే తీర్పు భూమిలేని బీదలకిచ్చిన స్థలాలను, బడి వంటి వాడకాలను వేరుగా చూడమంది. ఆ తేడా మనమూ పట్టుకోవాలి.

ఉమ్మడి నేలను ఉమ్మడిగా చూసుకున్న అనుభవం మన వైపు కొత్త కాదు. జాతీయ పాడి అభివృద్ధి మండలి చొరవతో 1980ల చివర నుంచి అప్పటి చిత్తూరు జిల్లా పల్లెల్లో చెట్ల పెంపకందారుల సహకార సంఘాలు వచ్చాయి. ఊరి బీడు సంఘానికి లీజు, గడ్డీ కట్టె సభ్యులకు. 2001లో ఏర్పడిన ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ ఆ పనిని మదనపల్లె కేంద్రంగా పాపాఘ్ని పరీవాహకంలో కొనసాగించింది. కొన్ని సంఘాలు నిలిచాయి, కొన్ని పడిపోయాయి. నిలిచిన ఊళ్లలో నేను చూసింది ఒకటే: కాపలా మనిషి కూలి ఊరివాళ్లే ఇచ్చుకున్నారు.

బయటి ప్రపంచం నుంచి రెండు సంగతులు మాత్రం చెబుతాను. అమెరికాలో ఫ్లింట్ అనే ఊరు జనరల్ మోటార్స్ కార్ల మీద బతికింది. ఫ్యాక్టరీలు పోయాక వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. పన్ను కట్టని ఇళ్లను అంతకుముందు వేలం వేస్తే వ్యాపారులు కొని మళ్లీ పాడుపెట్టేవారు. 2002లో ఆ ఊరున్న కౌంటీ ఒక భూమి బ్యాంకు పెట్టి అలాంటి ఆస్తులను ఒకే చేతికి తెచ్చింది. పక్కింటివాడికి చవకగా దొడ్డిస్థలం ఇచ్చింది, వీధి సంఘాలకు స్థలాలు అప్పగించి శుభ్రం చేయడానికి డబ్బిచ్చింది. పన్ను బాకీకి ఇల్లు తీసుకోవడం మన దగ్గర జరిగే పని కాదు, దాన్ని తెచ్చి పెట్టుకోనక్కరా లేదు. కానీ చెవులన్నీ ఒక చోట ఉండటం నేర్చుకోవచ్చు. రెండోది ఫిలడెల్ఫియా. అక్కడ 541 ఖాళీ స్థలాల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. చెత్త తీసి, పచ్చిక వేసి, చిన్న కంచె కట్టిన చోట్ల, ఏమీ చేయని చోట్లతో పోలిస్తే, చుట్టుపక్కల ఉండేవాళ్లలో దిగులుగా ఉందనేవారు 41.5 శాతం తగ్గారు. పాడుబడిన స్థలం పక్కన ఉండటం ఒక జబ్బు. ఆరోగ్యవరం ఊళ్లో ఉండేవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా?

మన బడుల సంగతి తలుచుకుంటే మనసు మండుతుంది. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వుతో ఎన్నో చోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు పోయాయి. చాలా పల్లెల్లో గదులు ఖాళీ పడ్డాయి. 2025లో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. పోయిన పిల్లలందరూ వెనక్కి రాలేదు. పిల్లలు తక్కువైతే బడి నడవదన్న మాట నిజం కాదని ఋషివ్యాలీ వాళ్లు 1980ల చివర నుంచి చూపిస్తున్నారు. ఒకే గదిలో, ఒక్క టీచరుతో, వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పల్లెబడులు నడిపి, ఆ పద్ధతిని దేశానికిచ్చారు. బడి గది ఖాళీ అయితే దానికి మొదటి హక్కు మళ్లీ బడిదే. అది కుదరకపోతే అద్దె గదుల్లో ఇరుక్కున్న అంగన్‌వాడీది. అదీ కాకపోతే సాయంత్రం చదువుకునే పిల్లలది. ఆ గదిలో ఎరువుల బస్తాలు వేయనివ్వకండి.

నేను అడిగేది పెద్ద చట్టం కాదు. 2019 నుంచి ఊళ్లలో సచివాలయాలున్నాయి, వాటికి సర్వేయర్లున్నారు. నా తమ్ముళ్లు, చెల్లెళ్లు వాళ్లు. వాళ్ల దగ్గర ఒక పుస్తకం పెట్టండి: బీగం పడిన ఇల్లు, వదిలేసిన షెడ్డు, మూసిన బడి, నీళ్లు నిండిన గుంత. ఎవరిది అన్న గడి పక్కన, చెవి ఎవరి దగ్గర అన్న గడి గీయండి. యజమానికి మనిషిని నమ్మడం భయమైతే పంచాయతీనో, మున్సిపాలిటీనో మధ్యలో నిలబడనివ్వండి: మూడేళ్లకు అనుమతి కాగితం, అద్దె లేదు, మరమ్మతు వాడుకునేవాళ్లది, గడువు తీరగానే చెవి తిరిగి యజమాని చేతికి. టమాటా ధర పడిపోయినప్పుడు మదనపల్లె మార్కెట్టు దగ్గర రోడ్డు మీద కాయలు పారబోస్తున్న రైతును చూసి బాధపడతాం. వాటిని కోసి ఎండబెట్టడానికి ఆడవాళ్లకు నాలుగు చదునైన మిద్దెలూ, వాన పడితే సర్దుకోవడానికి నాలుగు గదులూ చాలు. ఆ మిద్దెలు ఊళ్లోనే ఉన్నాయి, బీగాలు వేసి.

చెప్పింది మనమే చేయకపోతే ఎలా? అయ్యవారి ఇల్లు ఆయన పోయిన దగ్గర నుంచి మూసి ఉంది. కూతురు దూరదేశంలో ఉంటున్నారు. కమిటీవాళ్లు ఆమెతో మాట్లాడి మూడేళ్లకు రాతపూర్వక అనుమతి తీసుకున్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రెండు పేజీలు, చదవాలనుకున్నవాళ్లకు జిరాక్సు కాపీలు బయట బల్ల మీద ఉన్నాయి, తీసుకుపోండి. మీ ఇంటికీ అదే పనికొస్తుంది. ముందు గదిలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పదో తరగతి పిల్లలు చదువుకుంటారు. వెనక గది ఇంకా తేలలేదు. పంచ మీద రెండు వరసల పెంకులు పగిలాయి, దొడ్లో తంగేడు మోకాలెత్తు పెరిగింది, బావికి గిలక లేదు.

చెవి నా దగ్గరుంది. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి తలుపు తీస్తాను. చీపురో పారో ఏది ఉంటే అది పట్టుకుని రండి. పెంకులు నేయడం తెలిసినవాళ్లు ఇద్దరు కావాలి.